కొరియర్ పనికి చిన్న వ్యాన్ ఎంచుకోవడం ఎలా: ముందు రూటు, తర్వాతే బండి

కొరియర్ పని మొదలుపెట్టాలనుకునే వాళ్లలో చాలామంది ముందు బండి చూసేస్తారు. తెలిసినవాళ్లు ఎవరో అమ్ముతున్నారని వింటారు, వెళ్లి చూస్తే బాగానే ఉంటుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఆ బండికి సరిపడే పని కోసం తిరుగుతారు. నా మొదటి వ్యాన్ నేనూ అలాగే కొన్నాను. ఇంజన్ మంచిదే, మైలేజీ మంచిదే, కానీ దానికి పక్క డోర్ లేదు. నాకు దొరికిన పనేమో రోజుకి డెబ్బై ఎనభై ఇళ్లకి పార్శిళ్లు ఇచ్చేది. ప్రతి ఇంటి దగ్గరా దిగడం, బండి వెనక్కి నడవడం, డోర్ తీసి సగం ఒళ్లు లోపలికి పెట్టి వెతకడం, మళ్లీ మూసి ముందుకి రావడం. ఆరు నెలలు తిరక్కుండానే నడుము పట్టేసింది, బండిని నష్టానికి అమ్మేయాల్సి వచ్చింది. ఆ డబ్బూ ఆ నొప్పీ మీకు తప్పాలనే ఇదంతా రాస్తున్నాను. పని ఎలాంటిదో ముందు తెలుసుకోండి, తర్వాత కొలతలు తీసుకోండి, బండి దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి.

1. మీ రోజుని కాగితం మీద పెట్టండి

ఒక నోట్‌బుక్ తీసుకుని మీరు చేయబోయే పనిలో ఒక మామూలు రోజు ఎలా ఉంటుందో రాయండి. ఎన్ని స్టాపులు, మొత్తం ఎన్ని కిలోమీటర్లు, పార్శిళ్లు ఎంతెంత సైజు, అన్నిటికంటే బరువైనది ఎంత, పొద్దున ఒకేసారి లోడ్ చేసుకుని వెళ్లిపోతారా లేక మధ్యాహ్నం మళ్లీ హబ్‌కి, అంటే పార్శిళ్లు ఎక్కించుకునే చోటుకి, రావాలా, తిరిగి వచ్చే రిటర్న్ పార్శిళ్లు ఉంటాయా, రూటులో సందులు ఎక్కువా హైవే ఎక్కువా, రాత్రి బండి ఎక్కడ పెడతారు.

ఇవి ఊహించి రాయకండి. ఆ రూటులో ఇప్పటికే తిరుగుతున్న డ్రైవర్‌ని ఒప్పించుకుని రెండు రోజులు పక్కన కూర్చోండి, వీలైతే ఒకటి మామూలు రోజు, ఒకటి రద్దీ రోజు. ఆ రెండు రోజుల్లో తెలిసేది షోరూముల చుట్టూ రెండు నెలలు తిరిగినా తెలియదు.

కొరియర్ అని ఒకే మాట అంటాం గానీ అందులో కనీసం మూడు రకాల పనులున్నాయి, మూడింటికీ మూడు రకాల బండ్లు కావాలి. ఇంటింటికీ చిన్న పార్శిళ్లు ఇచ్చే పనిలో కిలోమీటర్లు తక్కువ, ఎక్కడం దిగడం ఎక్కువ, కాబట్టి డోర్లు, సీటు, ఇరుకులో తిరగడం ముఖ్యం. ఒక చోట సరుకు తీసుకుని నేరుగా ఇంకో ఊళ్లో ఇచ్చొచ్చే పనిలో స్టాపులు రెండో మూడో, కిలోమీటర్లు వందల్లో, అక్కడ హైవే మీద అలసట లేకుండా నడిచే ఇంజన్, మంచి సీటు, మైలేజీ ముఖ్యం. మూడోది ఒకే కంపెనీకో రెండు మూడు దుకాణాలకో రోజూ ఒకే దారిలో వేసే పని, మందులు, బండ్ల స్పేర్ పార్టులు, ప్రింటింగ్ సరుకు లాంటివి. ఇక్కడ సరుకు ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది కాబట్టి బండిని ఆ సరుకుకి కొలిచి కొనొచ్చు. మీది ఏ రకమో తేల్చుకోకుండా ముందుకెళ్లకండి.

2. ఎంత చోటు కావాలో లెక్క కట్టండి

చిన్న వ్యాన్ల వెనక చోటు సాధారణంగా మూడు నుంచి నాలుగు ఘనపు మీటర్ల మధ్య ఉంటుంది. బ్రోచర్‌లో ఆ అంకె చూస్తే చాలా పెద్దదనిపిస్తుంది, కానీ అది నేల నుంచి పైకప్పు దాకా, మూలమూలకీ సరుకు కుక్కితే వచ్చే లెక్క. ఇంటింటికీ ఇచ్చే పనిలో అలా కుక్కలేం, మధ్యలో ఉన్న పార్శిల్ చేతికి అందాలి కదా. నా అనుభవంలో చెప్పిన చోటులో 65 శాతమే నిజంగా పనికొస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకి 80 పార్శిళ్లు అనుకోండి. అందులో 50 చెప్పుల డబ్బా అంత, అంటే 35, 25, 13 సెంటీమీటర్లు. ఒక్కోటి 11,375 ఘనపు సెంటీమీటర్లు, యాభైకి దాదాపు 0.57 ఘనపు మీటర్లు. ఇంకో 25 మధ్య సైజు డబ్బాలు, 40, 30, 30 సెంటీమీటర్లవి, అవి 0.9. మిగతా 5 పెద్దవి, 60, 40, 40 సెంటీమీటర్లవి, అవి 0.48. అన్నీ కలిపితే 1.95. దాన్ని 0.65తో భాగిస్తే సరిగ్గా 3 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే ఈ పనికి 3.3 ఘనపు మీటర్ల వ్యాన్ సరిపోతుంది, రిటర్న్‌లకి కూడా కాస్త చోటు మిగులుతుంది. అదే పెద్ద డబ్బాలు 5 కాకుండా 25 అయితే? ఆ ఒక్క మార్పుతో లెక్క 3.9కి వెళ్తుంది, ఇంకా 65 శాతం సంగతి చూడకుండానే, అంటే నిజానికి 6 ఘనపు మీటర్ల బండి కావాలి. చిన్న వ్యాన్ పని కాదది. అందుకే పార్శిళ్ల సంఖ్య కంటే పెద్ద డబ్బాలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్నే ఎక్కువ ముఖ్యం, పని ఇచ్చేవాళ్లని అదే అడగండి.

3. తర్వాత బరువు

కొరియర్ లెక్కల్లో వాల్యుమెట్రిక్ బరువు అని ఒకటుంది. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కంపెనీలు దాన్ని 5000తో భాగిస్తాయి. 60, 40, 40 డబ్బా అయితే 19.2 కిలోలు వస్తుంది. లోపల దిండ్లే ఉండి అసలు బరువు 3 కిలోలున్నా, డబ్బు వసూలు చేసేది 19.2కే. దీన్ని మీ వైపు నుంచి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది, ఆ 5000 లెక్కంటే ఒక ఘనపు మీటరుకి 200 కిలోలని. మామూలు పార్శిళ్లు దాదాపుగా అంతకంటే తేలిగ్గానే ఉంటాయి, కాబట్టి బరువు పరిమితి కంటే ముందు చోటే నిండిపోతుంది. కానీ మీరు వేసేవి స్పేర్ పార్టులో, కాగితం కట్టలో, పెయింటు డబ్బాలో అయితే ఇది తిరగబడుతుంది, వ్యాన్ సగం ఖాళీగా కనిపిస్తుంటే బరువు దాటిపోయి ఉంటుంది.

బండి ఎంత మోయగలదనేది ప్రకటనలో చూడకండి, బండి మీద చూడండి. డ్రైవర్ డోర్ పక్కన ఉండే పట్టీ మీదో, బానెట్ కిందో ఒక ప్లేట్ ఉంటుంది, దాని మీద సరుకుతో సహా బండి మొత్తం ఎంత బరువు ఉండొచ్చో, ఒక్కో ఇరుసు ఎంత మోయొచ్చో రాసి ఉంటుంది. మొత్తం 2,000 కిలోలు, ఖాళీ బండి 1,350 అనుకుంటే మిగిలేది 650. కానీ అందులోంచి మీ బరువు 75, అసిస్టెంట్ ఉంటే ఇంకో 70, లోపల బిగించే ర్యాకులు 60, చేతి ట్రాలీ 12 తీసేస్తే చేతికొచ్చేది 433. కొన్నిచోట్ల ఖాళీ బరువులోనే డ్రైవర్‌ని కలిపేస్తారు, అది అడిగి తెలుసుకోండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే నేను ఇంకా సూటిగా చెబుతాను, ట్యాంకు నింపి, మీరు కూర్చుని, కాటా మీదికి ఎక్కించి తూయించండి. పాత ఓనర్ నేలకి ఇనుప రేకు వేయించి ఉంటాడు, పైన క్యారియర్ బిగించి ఉంటాడు, ఇవేవీ కాగితాల్లో కనపడవు.

ఎక్కువ లోడ్ వేసి తిప్పేవాళ్లని మీరు చూసే ఉంటారు, ఏం కాలేదుగా అంటారు. బ్రేక్ కొట్టాక బండి ఆగే దూరం పెరుగుతుంది, వెనక టైర్లు వేడెక్కి పగులుతాయి, యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి డబ్బు ఇవ్వకుండా తప్పించుకోవడానికి కారణం దొరుకుతుంది. ఒక్క ట్రిప్పు మిగుల్చుకోబోయి బతుకుదెరువే పోగొట్టుకోకండి.

4. టేపు, ఒక ఖాళీ అట్టపెట్టె పట్టుకెళ్లండి

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు కొలత టేపుతో పాటు మీ పనిలో వచ్చే అతి పెద్ద అట్టపెట్టెని కూడా తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. లోపల చోటు ఎంతున్నా ఆ పెట్టె పక్క డోర్‌లోంచి దూరకపోతే ఆ చోటు మీకు లేనట్టే.

కొలవాల్సినవి ఇవి: లోపల నేల పొడవు, వెనక చక్రాల మీద లోపలికి పొంగి ఉండే భాగాల మధ్య వెడల్పు, డోర్లు తీసినప్పుడు దొరికే వెడల్పు ఎత్తు, రోడ్డు నుంచి నేల ఎంత ఎత్తులో ఉంది. చక్రాల మధ్య వెడల్పు 1,200 మిల్లీమీటర్లు దాటితే యూరో ప్యాలెట్, అంటే 1,200కి 800 మిల్లీమీటర్ల చెక్క పలక, ఎటు తిప్పినా దిగుతుంది. మీకు ప్యాలెట్ పని రాకపోవచ్చు, కానీ వస్తే వదులుకోనక్కర్లేదు. నేల ఎత్తు విషయానికొస్తే మీ మోకాలికి కాస్త పైన ఉంటే మంచిది, నడుము దాకా ఉంటే ప్రతి బరువునీ ఛాతీ దాకా ఎత్తాలి.

డ్రైవర్ సీటుకీ సరుకుకీ మధ్య గట్టి అడ్డు గోడ ఉండాలి. సడెన్ బ్రేక్ వేసినప్పుడు 15 కిలోల డబ్బా ఆగదు, అది వచ్చేది మీ తల వెనక్కే. వలో, సన్నని పైపులో కాదు, పూర్తి రేకు గోడ. లేకపోతే బిగించే ఖర్చు బండి ధరకి కలుపుకుని లెక్క వేయండి. నేలలో కట్టుకోడానికి రింగులు ఉన్నాయో లేదో కూడా చూడండి.

5. డోర్లు, సీటు. దయచేసి ఇది తొందరగా దాటేయకండి

రోజుకి 80 స్టాపులు, ఏడాదికి 300 రోజులు. అంటే 24,000 సార్లు దిగుతారు, 24,000 సార్లు ఎక్కుతారు. ఇంజన్ గురించి గంట మాట్లాడే మనం ఈ అంకె గురించి ఒక్క నిమిషం ఆలోచించం. సీటు కాస్త ఎత్తైనా, డోర్ సరిగ్గా తెరుచుకోకపోయినా, స్టీరింగ్ కింద మోకాలు తగిలినా, ఆ చిన్న ఇబ్బంది 24,000 సార్లు పడాలి.

కాబట్టి బండి చూసేటప్పుడు సిగ్గుపడకుండా వరసగా పదిసార్లు ఎక్కి దిగండి. నిజంగా పార్శిల్ ఇస్తున్నట్టే, హ్యాండ్ బ్రేక్ వేసి, బెల్టు తీసి, దిగి, పక్క డోర్ తెరిచి, ఏదో ఒకటి చేతిలోకి తీసుకుని, మూసి, లాక్ చేసి, మళ్లీ వచ్చి కూర్చోండి. ఐదోసారికే ఎక్కడ పట్టేస్తోందో మీ ఒళ్లే చెబుతుంది.

పక్కకి జరిగే స్లైడింగ్ డోర్ ఇంటింటి పనికి తప్పనిసరి, నా వరకు ఇందులో రెండో మాట లేదు. అది రోడ్డు అంచు వైపు ఉండాలి, అంటే మీ దగ్గర బండ్లు ఎడమ పక్కన నడిస్తే ఎడమ వైపు, కుడి పక్కన నడిస్తే కుడి వైపు. ట్రాఫిక్ వైపు ఒక్క డోరే ఉన్న బండి, వేరే దేశం నుంచి తెచ్చిన బండ్లలో ఇది కనిపిస్తుంటుంది, చవగ్గా వచ్చినా వద్దు. రెండు వైపులా ఉంటే ఇరుకు సందుల్లో ఇంకా నయం. డోర్ జరిగే పట్టాలో మట్టి, తుప్పు, అరిగిన రోలర్లు ఉన్నాయేమో చూడండి, ఏటవాలులో బండి ఆపి తెరిచి అది అక్కడే నిలబడుతోందా, దానంతట అదే జారి మీ చేతి మీద పడుతోందా పరీక్షించండి.

వెనక డోర్ రెండు రెక్కలుగా పక్కలకి తెరుచుకునేదైతే తక్కువ చోటులో తెరవొచ్చు, ఫోర్క్‌లిఫ్ట్‌తో లోడ్ వేయడానికీ వీలు. పైకి లేచే ఒకే డోర్ అయితే వానలో గొడుగులా పనికొస్తుంది గానీ వెనక ఇంకో బండి ఆనించి పెడితే తెరవలేరు. నాకైతే రెండు రెక్కలదే ఇష్టం.

తాళం సంగతి కూడా ఇక్కడే. మీరు ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డ రెండు నిమిషాల్లో బండి తెరిచి ఉంటే పార్శిల్ పోతుంది, పోయిన పార్శిల్ డబ్బు ఎక్కువగా డ్రైవర్ దగ్గరే పట్టుకుంటారు. డోర్ వేయగానే దానంతట అదే లాక్ అయ్యే ఏర్పాటు ఉంటే చాలా మంచిది, లేకపోతే తర్వాత బిగించుకోవచ్చు. సరుకు వైపు డోర్లకి కిటికీ అద్దాలు లేకుండా ఉండటం మేలు, ఉంటే నల్లరేకుతో మూసేయండి.

ఇంజన్ సీటు కింద ఉండే చిన్న వ్యాన్లు కొన్ని ఉంటాయి. అవి మొత్తం పొడవు తక్కువైనా వెనక చోటు ఎక్కువ ఇస్తాయి, ఇరుకులో చక్కగా తిరుగుతాయి. కానీ సీటు ఎత్తు, కాళ్ల దగ్గర చోటు తక్కువ, ఎండాకాలం ఇంజన్ వేడి కింద నుంచి కొడుతుంది, ముందు నుంచి గుద్దుకుంటే మీకూ ఎదుటి బండికీ మధ్య ఉండేది పల్చని రేకు. తక్కువ దూరం, తక్కువ స్పీడు రూటుకి సరే. హైవే పనికి నేను తీసుకోను.

6. పెట్రోలా, డీజిలా, గ్యాసా, కరెంటా

దీనికి జవాబు మొదటి మెట్టులో మీరు రాసుకున్న కాగితంలోనే ఉంది. రోజుకి 120 కిలోమీటర్లు, 300 రోజులంటే ఏడాదికి 36,000 కిలోమీటర్లు. లీటరుకి 14 ఇచ్చే బండి 2,571 లీటర్లు తాగుతుంది, 18 ఇచ్చేది 2,000. తేడా 571 లీటర్లు, దాన్ని మీ దగ్గరి ధరతో గుణించి చూస్తే రెండు బండ్ల రేటులో ఉన్న తేడా ఎన్నేళ్లలో తీరుతుందో తెలుస్తుంది.

డీజిల్ గురించి ఒక హెచ్చరిక. ఈ మధ్యకాలం డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు, ఉంటుంది. ఆ మసిని బండి తనంతట తనే సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది, దానికి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో నడవాలి. మీ పనేమో మాటిమాటికీ ఆగడం. మసి కాలదు, ఫిల్టర్ పూడుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, రిపేరు తడిసి మోపెడవుతుంది. కాబట్టి సిటీలో ఇంటింటి పనికి డీజిల్ వద్దు, ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకి మంచిది. యాడ్‌బ్లూ, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి విడిగా పోసే ద్రవం, పోసే బండి అయితే అదొక అదనపు ఖర్చు, అది అయిపోతే చాలా బండ్లు మళ్లీ స్టార్ట్ అవ్వవు.

పెట్రోల్ బండి మైలేజీ తక్కువైనా సిటీ పనికి తలనొప్పి తక్కువ, సెకండ్ హ్యాండ్‌లో రిపేరు కూడా తేలిక. సీఎన్‌జీ చవగ్గా నడుస్తుంది, కానీ సిలిండర్ ఎక్కడుందో చూడండి, సరుకు చోటులో ఉంటే మీరు రెండో మెట్టులో వేసుకున్న లెక్క మళ్లీ వేయాలి, బరువు లెక్క కూడా. సిలిండర్‌కి ప్రెషర్ టెస్ట్ చేసిన తేదీ చూడండి. గ్యాస్ కోసం రోజూ క్యూలో నిలబడే సమయాన్ని కూడా ఖర్చుగానే రాసుకోండి.

కరెంటు వ్యాన్‌కి ఆగి ఆగి నడిచే పని చక్కగా కుదురుతుంది, ఎందుకంటే బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది, గేర్లు లేకపోవడం వల్ల ఎడమ కాలికీ చేతికీ సుఖం. కానీ కంపెనీ చెప్పిన రేంజిని నమ్మి రూటు వేసుకోకండి. లోడు, చలి, ఏసీ లేదా హీటరు, స్పీడు అన్నీ దాన్ని కోసేస్తాయి. నేనైతే చెప్పిన దానిలో మూడింట రెండు వంతులే లెక్కలోకి తీసుకుంటాను. రాత్రి చార్జింగ్ ఎక్కడ పెడతారన్నది తేలకుండా కొననే కొనకండి. వంద కిలోమీటర్లకి 20 యూనిట్లు తాగే చిన్న వ్యాన్ 120 కిలోమీటర్లకి 24 యూనిట్లు తీసుకుంటుంది, చార్జింగ్‌లో పోయేది కలిపితే ఇంకాస్త. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల సాకెట్ ఎనిమిది గంటల్లో ఇచ్చేది 18 యూనిట్లు, చాలదు. 16 ఆంపియర్లదైతే 29 దాకా ఇస్తుంది, సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ అయితే బ్యాటరీలో ఎంత శక్తి మిగిలుందో రిపోర్టు అడగండి, అది లేకుండా బేరం మొదలుపెట్టకండి.

7. సెకండ్ హ్యాండ్ బండిని చూసే పద్ధతి

మొదటి బండి సెకండ్ హ్యాండ్ అయితేనే మంచిదని నా అభిప్రాయం, కాకపోతే పని మీకు నప్పుతుందో లేదో తెలియకముందు నెలో రెండు నెలలో అద్దె వ్యాన్‌తో నడిపి చూడటం ఇంకా మంచిది. అద్దె ఎక్కువనిపిస్తుంది, కానీ ఏ సైజు కావాలో ఆ నెలలో ఖాయంగా తెలిసిపోతుంది.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే వాళ్లు మీకు చూపించకూడదనుకున్నది చల్లని స్టార్టింగ్‌లో ఉండొచ్చు. స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది, నల్ల పొగ అంటే ఇంధనం సరిగ్గా కాలడం లేదు. ఆయిల్ పోసే మూత తీసి అడుగున మీగడ లాంటి తెల్లటి జిగురు ఉందేమో చూడండి, ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందేమో మెకానిక్‌తో పరీక్ష చేయించకుండా కొనకండి.

కిలోమీటర్ల మీటరుని నమ్మకండి, పెడల్స్ మీది రబ్బరు, స్టీరింగ్, డ్రైవర్ సీటు దిగే వైపు అంచు, ఇవి చూడండి. మీటరు 50,000 చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఏదో తేడా ఉంది. సర్వీసు బిల్లుల మీద ఉన్న కిలోమీటర్లు తేదీల వరసలో పెరుగుతూ వస్తున్నాయా పోల్చండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, ఎందుకంటే అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

కొరియర్‌లో తిరిగిన బండికి కొన్ని జబ్బులు ప్రత్యేకంగా ఉంటాయి. క్లచ్ అరిగి ఉంటుంది, మూడో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి బండి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. స్టార్టర్ మోటరు, డోర్ హ్యాండిల్స్, డోర్ బందులు వదులవుతాయి. వెనక కమాను కట్టల్లో పగిలిన ఆకు ఉందేమో, బండి ఖాళీగా ఉన్నా వెనక కిందికి కుంగి ఉందేమో దూరం నుంచి పక్కగా నిలబడి చూడండి. లోపల నేల మీద వేసిన షీటు ఎత్తి చూడండి, తుప్పు దాక్కునేది అక్కడే, చక్రాల గూళ్ల దగ్గరా, పక్క డోర్ కింద అంచులోనూ.

టైర్ల మీద రెండు అంకెలు చదవడం నేర్చుకోండి. తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. సైజు పక్కన ఉండేది ఎంత బరువు మోయగలదో చెప్పే సంఖ్య, 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 95 అంటే 690, 100 అంటే 800. డబ్బు మిగుల్చుకోడానికి వ్యాన్‌కి కారు టైర్లు వేసి అమ్మేవాళ్లున్నారు, ఈ సంఖ్య బండి ప్లేట్ మీది వెనక ఇరుసు బరువుకి సరిపోతుందో లేదో లెక్క చూసుకోండి. స్టెప్నీ, జాకీ ఉన్నాయా అడగండి.

ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన ఎర్రర్లు చదివే పరికరం, ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎర్రర్లు ఏవీ లేవని చూపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి, బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తి కాలేదని స్కానర్ చెబితే, నిన్నో మొన్నో ఎవరో ఎర్రర్లు తుడిచేసి ఉండొచ్చు.

చివరగా లోడుతో నడపండి. ఖాళీ వ్యాన్ ఏదైనా బాగానే పరిగెత్తుతుంది. నాలుగైదు బస్తాలు ఏవైనా వేసి, ఒక ఎత్తు ఎక్కించి మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి, ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేసి ఒక పక్కకి లాగుతోందా చూడండి, రివర్స్‌లో సందులోకి పెట్టండి. వెనక అద్దాలు లేని బండికి రివర్స్ కెమెరా విలాసం కాదు, అవసరం.

8. కాగితాలు

బండి మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబరు, సాధారణంగా 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, కాగితాల్లోని దానితో ఒక్కో అక్షరం పోల్చండి. లోన్ బాకీ ఉందేమో, పాత చలాన్లు ఉన్నాయేమో చూసుకోండి. సరుకు రవాణా బండిగా రిజిస్టర్ అయి ఉందా, మీ లైసెన్సు దానికి సరిపోతుందా, మీరు తిరిగే ఊళ్లోకి ఆ ఇంధనం బండికి ఆ సమయాల్లో అనుమతి ఉందా, ఇవి చోటుని బట్టి మారతాయి కాబట్టి డబ్బు కట్టకముందే మీ రవాణా ఆఫీసులో అడగండి.

ఇన్సూరెన్స్ మాత్రం కాస్త ఆగి చదవండి. సొంత సరుకు వేసుకుని తిరగడానికి ఇచ్చే పాలసీ వేరు, డబ్బు తీసుకుని ఇతరుల సరుకు మోయడానికి ఇచ్చేది వేరు. మొదటిది పెట్టుకుని కొరియర్ నడిపితే అవసరం వచ్చిన రోజు అది పనికిరాకపోవచ్చు. బండిలోని సరుకుకి మళ్లీ విడిగా పాలసీ కావాలి. బండి ఖాయం చేసుకోకముందే ఆ మోడల్ పేరుతో ప్రీమియం ఎంతో కనుక్కోండి, కొన్నిసార్లు రెండు బండ్ల మధ్య తేలనిది ఇక్కడ తేలుతుంది.

9. కిలోమీటరుకి కాదు, స్టాపుకి ఎంత

బండి నిలబెట్టినా అయ్యే ఖర్చులు ఒక పక్క రాయండి: లోన్ వాయిదా, ఇన్సూరెన్స్, పన్ను, పార్కింగ్, ఏటా బండి విలువలో తగ్గేది. నడిస్తే అయ్యేవి ఇంకో పక్క: ఇంధనం, టైర్లు, ఆయిల్, బ్రేకులు, రిపేర్లకి పక్కన పెట్టేది. నెలకి 3,000 కిలోమీటర్లు తిరిగితే రెండు పక్కల మొత్తాల్నీ నెల లెక్కకి తెచ్చి, ఒక్కోదాన్ని 3,000తో భాగించి కలపండి, కిలోమీటరు ఖర్చు వస్తుంది. పని సగమై 1,500కి పడిపోతే ఆ మొదటి భాగం రెట్టింపవుతుందని గుర్తుంచుకుని వాయిదా ఎంత పెట్టుకోవాలో నిర్ణయించుకోండి.

అక్కడితో ఆగకండి, ఎక్కువ చోట్ల డబ్బిచ్చేది పార్శిల్‌కి. 80 స్టాపులకి 120 కిలోమీటర్లు తిరిగితే ఒక్కో స్టాపుకి ఒకటిన్నర కిలోమీటరు. పల్లెల రూటులో 40 స్టాపులకి 160 అయితే స్టాపుకి 4 కిలోమీటర్లు. పార్శిల్ రేటు రెండు చోట్లా ఒకటే అయితే రెండో రూటుకి కొత్త బండి వాయిదా మోయడం చాలా కష్టం, అక్కడ పాతదైనా ఎక్కువ మైలేజీ ఇచ్చే బండి తీసుకోవాలి.

ఇంకొకటి, మీ చుట్టుపక్కల ఎక్కువగా తిరిగే మోడల్ తీసుకోండి. కొంచెం తక్కువ సౌకర్యంగా ఉన్నా సరే. క్లచ్ ప్లేటు కోసం నాలుగు రోజులు ఎదురుచూస్తే నాలుగు రోజుల సంపాదన పోవడమే కాదు, మీ రూటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. బండి ఆగిన రోజు అద్దె వ్యాన్ ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని పిలవాలో ముందే కనుక్కుని ఫోనులో పెట్టుకోండి.

10. తీసుకున్నాక మొదటి పదిహేను రోజులు

ర్యాకులు వెంటనే చేయించకండి. రెండు వారాలు ప్లాస్టిక్ క్రేట్లు పెట్టుకుని నడపండి, ఏ పార్శిళ్లు ఎక్కడ పెడితే చేతికి అందుతున్నాయో చూడండి, ఆ తర్వాత కొలతలిచ్చి చేయించుకుంటే ఒకేసారి సరిగ్గా వస్తుంది. పాత బండి అయితే మొదటి రోజే ఇంజన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ మార్పించి తేదీ రాసుకోండి. లోపల ప్రకాశవంతమైన ఎల్‌ఈడీ లైటు, కాళ్లు జారని నేల షీటు, కట్టుకోడానికి రెండు పట్టీలు, మడత ట్రాలీ, ఇంతే చాలు మొదట్లో. సరుకు వేసేటప్పుడు చివరి స్టాపుది అన్నిటికంటే లోపలికి, మొదటి స్టాపుది డోర్ పక్కకి, బరువైనవి నేల మీద అడ్డు గోడకి ఆనించి. రోజూ రాత్రి ఆ నోట్‌బుక్‌లో మీటరు అంకె, పోసిన ఇంధనం, స్టాపులు, రిటర్న్‌లు రాయండి, పదిహేనో రోజున ఆ పేజీలు తీసి మీరు మొదట్లో వేసుకున్న లెక్కతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, వాయిదాలూ సర్వీసింగూ ఆ నిజమైన అంకెల మీద మళ్లీ వేసుకోండి.